ఆసు యంత్రం, వాన బీమా: బిజినెస్ స్కూల్ పాఠంలో నల్లగొండ, పాలమూరు

ఇన్నోవేషన్ మేనేజ్‌మెంట్ అనే పాఠ్యాంశం ఒక తేడా దగ్గర మొదలవుతుంది. కొత్త వస్తువును కనిపెట్టడం ఒక పని. దాన్ని అవసరమున్నవాళ్ల చేతికి చేర్చి, వాళ్లు విడవకుండా వాడుకునేలా చూడడం మరో పని. మొదటిది ఒక మనిషి బుర్రలో, ఒక చిన్న వర్క్‌షాపులో జరిగిపోవచ్చు. రెండోదానికి ధర కుదరాలి, అప్పు పుట్టాలి, పాడైతే బాగుచేసేవాళ్లు ఉండాలి, అన్నిటికీ మించి కొనేవాళ్లకు నమ్మకం కలగాలి. బిజినెస్ స్కూల్ నేర్పేది ప్రధానంగా ఈ రెండో పనినే. ఆర్థికవేత్త జోసెఫ్ షుంపీటర్ 1911లోనే ఈ విషయానికి పునాది వేశాడు. కొత్త సరుకు, కొత్త ఉత్పత్తి పద్ధతి, కొత్త మార్కెట్, ముడిసరుకుకు కొత్త చోటు, సంస్థను నడిపే కొత్త తీరు: ఈ ఐదింటిలో ఏది తెచ్చినా అది ఇన్నోవేషనే అన్నాడు. ఉన్నవాటినే కొత్తగా జతచేసి, ఆ జతను బతికించి నిలబెట్టేవాడే ఆయన దృష్టిలో ఎంటర్‌ప్రెన్యూర్.

తెలుగు రాష్ట్రాల ఎంబీఏ తరగతుల్లో ఈ పాఠానికి ఉదాహరణలు ఎక్కువగా అమెరికా కంపెనీల నుంచి వస్తాయి. ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో నడిచిన ప్రయోగాలు మాత్రం ప్రపంచంలోని పరిశోధన పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో ఎప్పుడో చోటు సంపాదించాయి. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయినా ఆ ప్రయోగాలను పాత జిల్లాల పేర్లతోనే చెప్పుకోవడం సులువు. మెట్ట నేల, ఎడతెగని కరువు, బొంబాయి దాకా సాగిన పాలమూరు వలస, మగ్గం మీద బతికే ఊళ్లు: ఈ పరిస్థితుల్లో ఒక కొత్త పని ఎందుకు నిలిచింది, మరొకటి ఎందుకు నిలవలేదు అని అడిగితే పాఠం మొత్తం అందులోనే దొరుకుతుంది.

అసలు వ్యాపార దక్షత నేర్పితే వచ్చేదేనా? ఈ ప్రశ్నను ప్రయోగానికి పెట్టిన తొలి చోట్లలో హైదరాబాద్ ఒకటి. చిన్న పరిశ్రమల శిక్షణ కోసం ఏర్పడిన సియెట్ సంస్థ 1962లో హైదరాబాద్‌కు వచ్చింది. ఇప్పుడు దాని పేరు ఎన్ఐ-ఎంఎస్ఎంఈ. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1964లో కాకినాడకు చెందిన వ్యాపారులకు ఈ సంస్థలోనే శిక్షణ ఇప్పించాడు. సొంతంగా లక్ష్యం పెట్టుకోవడం, సాధించగలిగినంత మేరకే ముప్పు తలకెత్తుకోవడం, ఫలితాన్ని కొలుచుకోవడం ఆ శిక్షణలో భాగాలు. తర్వాతి ఏళ్లలో, శిక్షణ పొందినవాళ్లు పొందనివాళ్ల కంటే ఎక్కువగా కొత్త పెట్టుబడులు పెట్టారని, ఎక్కువమందికి పని ఇచ్చారని తేలింది. దేశంలో తర్వాత వచ్చిన ఔత్సాహిక పారిశ్రామికుల శిక్షణ కార్యక్రమాలకు ఈ కాకినాడ ప్రయోగమే ఆధారమైంది.

ధైర్యం గురించి మాత్రం పాలమూరు పల్లెలు ఇంకో సంగతి చెప్పాయి. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో గ్రామ అధ్యయనాలు మొదలుపెట్టింది. అందుకు ఎంచుకున్న ఊళ్లలో మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి ఒకటి. ఆ అధ్యయనంలో భాగంగా హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త రైతులతో నిజమైన డబ్బు పెట్టి నాణెం ఎగరేసే పందేలు ఆడించాడు. తక్కువ ముప్పు కోరితే వచ్చేది తక్కువ. ఎక్కువ రావాలంటే ముప్పు కూడా ఎక్కువే. 1980లో అచ్చయిన ఫలితాల ప్రకారం పందెం పెద్దదయ్యేకొద్దీ ఎక్కువమంది ఒక మోస్తరు జాగ్రత్తపరులుగానే తేలారు. ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఈ విషయంలో పెద్ద తేడా కనిపించలేదు. పేద రైతు కొత్త పంట జోలికి పోకపోతే పిరికితనం అనడం తేలిక. అతనికి అప్పు దొరకదు, విత్తనం వేళకు అందదు, ఒక పంట పోతే మళ్లీ నిలదొక్కుకునే దారి ఉండదు. అసలు అడ్డంకులు అక్కడ ఉన్నాయని ఈ ప్రయోగం చూపింది. ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ పాఠం చెప్పే ప్రతి తరగతిలో ఇది తొలివారమే చెప్పవలసిన విషయం. ధైర్యం గురించిన ఉపన్యాసాలు అప్పు స్థానాన్ని భర్తీ చేయలేవు.

నల్లగొండ వైపు నుంచి వచ్చిన పెద్ద ఉదాహరణ ఆసు యంత్రం. పోచంపల్లి చీరలో రంగు మగ్గం ఎక్కకముందే పోగు మీద పడుతుంది. డిజైన్ ప్రకారం పోగుల్ని గుత్తులుగా కట్టి, కట్టిన చోట రంగు అంటకుండా అద్దుతారు. ఇదే ఇక్కత్. అలా కట్టే ముందు పేక నూలును ఒక పద్ధతిలో పేర్చాలి. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. వాటి చుట్టూ పోగును అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. దీన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే ఆ లెక్క 18,000 అవుతుంది. నేత ఇళ్లలో ఈ పని ఆడవాళ్లది. ఏళ్ల తరబడి చేసేసరికి భుజాలూ మోచేతులూ పట్టేసి, అన్నం ముద్ద నోటి దాకా ఎత్తడమే కష్టమయ్యేది.

ఆలేరు దగ్గర శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపి మగ్గం ఎక్కినవారు. తల్లి లక్ష్మి పడే బాధ చూసి 1992లో యంత్రం తయారీకి పూనుకున్నారు. ముందుగా గీసుకున్న పూర్తి డ్రాయింగ్ లేదు. ఒక కదలిక కుదిరాక మరో కదలిక, ఒక భాగం పూర్తయ్యాక ఇంకో భాగం. డబ్బు చాలక మధ్యలో ఆగిపోవలసి వచ్చింది. హైదరాబాద్ వెళ్లి పనికి కుదిరి, మిగుల్చుకున్న డబ్బుతో మళ్లీ కొనసాగించారు. కొరుకుడుపడని చివరి కదలిక హైదరాబాద్‌లోని బాలానగర్ పారిశ్రామిక వాడలో వేరే పని చేస్తున్న ఒక యంత్రాన్ని చూసినప్పుడు తట్టింది. 1999 నాటికి యంత్రం సిద్ధమైంది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. యంత్రానికి తల్లి పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. తర్వాతి రోజుల్లో ఎలక్ట్రానిక్ నియంత్రణ కూడా జోడించారు. 2009లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పురస్కారం, 2017లో పద్మశ్రీ వచ్చాయి. 2019లో ఆయన జీవితం మీద ‘మల్లేశం’ సినిమా వచ్చింది.

సినిమా చూసినవాళ్లకు పట్టుదల గుర్తుంటుంది. మేనేజ్‌మెంట్ విద్యార్థి చూడవలసినవి ఇంకా ఉన్నాయి. ఈ యంత్రాన్ని ఏ పెద్ద కంపెనీ ఎందుకు తయారు చేయలేదు? కొనేవాళ్లు నల్లగొండ చుట్టుపక్కల ఇక్కత్ నేసే కుటుంబాలే. మార్కెట్ అంత చిన్నదైతే పరిశోధనకు పెట్టిన ఖర్చు కంపెనీకి తిరిగి రాదు. ఇలాంటిచోట వస్తువును కనిపెట్టేది దాన్ని వాడేవాళ్లే అని ఎంఐటీ ఆచార్యుడు ఎరిక్ వాన్ హిప్పెల్ దశాబ్దాలుగా చెబుతున్నాడు. శస్త్రచికిత్స పరికరాల నుంచి కంప్యూటర్ ప్రోగ్రాముల దాకా ఆయన చూపిన ఉదాహరణలు చాలా ఉన్నాయి. శారాజిపేట వాటి పక్కన నిలబడగల ఉదాహరణ. రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైంది. బాధ ఆడవాళ్లది. చాలా ఇళ్లలో యంత్రం కొనాలా వద్దా అని తేల్చేది మగవాళ్లు. వాడేవాళ్లు ఒకరు, డబ్బు తీసేవాళ్లు మరొకరు అయినప్పుడు అమ్మేవాడు ఇద్దరికీ పనికొచ్చే లెక్క చూపించాలి. నొప్పి తగ్గుతుందన్నది ఒక లెక్క. అదే సమయంలో ఎక్కువ చీరల ఆసు పూర్తవుతుందన్నది మరో లెక్క. యంత్రం ఊళ్లోకి వచ్చాక రెండో లెక్కను పక్కింటివాళ్లు కళ్లారా చూడగలిగారు. కొత్తవి జనంలోకి ఎలా పాకుతాయో చెబుతూ 1962లో ఎవరెట్ రోజర్స్ రాసిన వ్యాప్తి సిద్ధాంతంలో ఫలితం కంటికి కనిపించడం ఒక ప్రధాన గుణం.

ఇలాంటి వ్యక్తులను వెతికి పట్టుకోవడం కూడా ఒక విద్యగా ఎదిగింది. అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యుడు అనిల్ గుప్తా నడిపిన హనీ బీ నెట్‌వర్క్ పల్లెలు తిరిగి, చదువు లేనివాళ్ల పరిజ్ఞానాన్ని నమోదు చేసింది. ఆ ఒరవడిలోనే నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ 2000లో ఏర్పడింది. తెలుగు నేల మీద ఆ పనిని విశ్రాంత సైనికాధికారి బ్రిగేడియర్ పోగుల గణేశం నెలకొల్పిన పల్లె సృజన సంస్థ భుజాన వేసుకుంది. శోధయాత్రల పేరుతో ఊరూరా కాలినడకన తిరుగుతూ రైతుల, కమ్మరుల, నేతగాళ్ల కొత్త పనిముట్లను వెలుగులోకి తెచ్చింది. పేటెంట్ దరఖాస్తు, ఇంజనీర్ల సలహా, చిన్న పెట్టుబడి వంటివి ఇలాంటి సంస్థల ద్వారానే ఊరి వాళ్లకు అందుతాయి.

నల్లగొండ పేరు ప్రపంచమంతా తెలిసిన మరో సందర్భం ఉంది. అది నీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగించే ‘నల్లగొండ టెక్నిక్’. నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే నీరి పరిశోధన సంస్థ 1970లలో దీన్ని రూపొందించింది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ తగు పాళ్లలో కలిపి, తేరుకోనిచ్చి వడకట్టడమే పద్ధతి. మూడూ చవకైనవి, బజారులో దొరికేవి. ఇంట్లో బకెట్‌తో చేయవచ్చు, ఊరంతటికీ ప్లాంటు పెట్టవచ్చు. తూర్పు ఆఫ్రికా దేశాల దాకా ఈ పేరు వెళ్లింది. అయినా పుట్టిన నేల మీద అది ఇంటింటి అలవాటు కాలేదు. కారణాలు రసాయన శాస్త్రంలో కొన్ని, నిర్వహణలో చాలా ఉన్నాయి. ఫ్లోరైడ్ మోతాదు, నీటి క్షారత బోరు బోరుకూ మారుతాయి. దాన్ని బట్టి పటిక పాలు మార్చాలి. ఎక్కువైతే అల్యూమినియం మిగిలిపోతుంది, తక్కువైతే ఫ్లోరైడ్ పోదు. రోజూ అడుగున దిగిన బురదను ఎక్కడో పారబోయాలి. వడకట్టిన నీటికీ వడకట్టని నీటికీ కంటికి తేడా కనిపించదు. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగడమనే హాని ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఆసు యంత్రం మేలు అదే రోజు భుజానికి తెలిసింది. ఈ పద్ధతి మేలు మాత్రం ఏ రోజూ ఎవరికీ విడిగా కనబడలేదు. రోజూ పాళ్లు చూసి కలిపే బాధ్యత ఎవరిది, వాళ్లకు జీతం ఎవరిస్తారు అన్న ప్రశ్నకు జవాబు లేకుండా ప్లాంటు పెడితే అది మూలపడక తప్పదు. చివరికి బోరు నీటిని శుద్ధి చేసే దారి వదిలి కృష్ణా నీటిని పైపుల్లో తెచ్చే దారే నిలిచింది. మిషన్ భగీరథ తాగునీటి పథకానికి 2015లో చౌటుప్పల్‌లో శంకుస్థాపన చేయడం వెనుక ఈ చరిత్ర ఉంది. ఒకే జిల్లాలోని ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చదివితే, రోజర్స్ సిద్ధాంతం పుస్తకంలో కంటే స్పష్టంగా అర్థమవుతుంది.

చట్టపరమైన రక్షణ గురించి చెప్పడానికి పోచంపల్లి చాలు. అక్కడి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గద్వాల చీరకు, నారాయణపేట చీరకు, పుట్టపాక తేలియా రుమాలుకు తర్వాత వరుసగా వచ్చాయి. పేటెంట్ ఒక వ్యక్తి లేదా సంస్థ పేరు మీద, కొంతకాలం వరకే ఉంటుంది. భౌగోళిక గుర్తింపు ఒక ప్రాంతంలో ఆ పని చేసేవాళ్లందరిదీ. ఎప్పటికప్పుడు పొడిగించుకోవచ్చు. కానీ పోచంపల్లి డిజైన్‌ను మిల్లు గుడ్డ మీద అచ్చువేసి అమ్మేవాళ్ల మీద కేసు వేయాలంటే డబ్బూ ఓపికా ఉన్న సంఘం ఉండాలి. చేనేత సహకార సంఘం ఎంత బలంగా ఉంటే ఆ గుర్తింపుకు విలువ అంత.

మహబూబ్‌నగర్ ఇచ్చిన ఉదాహరణ వస్తువు కాదు, ఒక ఆర్థిక సేవ. ఐఐటీ, ఐఐఎంలలో చదివిన విజయ్ మహాజన్ 1996లో హైదరాబాద్ కేంద్రంగా బేసిక్స్ సంస్థను స్థాపించారు. పేదలకు అప్పుతో పాటు బతుకుతెరువు చూపడం దాని ఉద్దేశం. ఆ సంస్థే 2001లో మహబూబ్‌నగర్ కేంద్రంగా కృష్ణ భీమ సమృద్ధి లోకల్ ఏరియా బ్యాంకును తెరిచింది. రిజర్వు బ్యాంకు ఇచ్చిన అనుమతి ప్రకారం మహబూబ్‌నగర్, రాయచూరు, గుల్బర్గా అనే మూడు ఆనుకున్న జిల్లాలే అప్పట్లో దాని పరిధి. అదే కాలంలో బేసిక్స్ తన అప్పుల ఫలితాన్ని తానే పరీక్ష చేయించుకుంది. పదేపదే అప్పు తీసుకున్న ఖాతాదారుల్లో దాదాపు సగం మందికే ఆదాయం పెరిగిందని తేలింది. మిగిలినవాళ్లలో కొందరికి మార్పు లేదు, కొందరికి ఆదాయం తగ్గింది. అప్పు వసూలు బాగుంటే పని బాగున్నట్టే అనుకుని సరిపెట్టుకునే సంస్థలే ఎక్కువ. బేసిక్స్ ఆ ఫలితాన్ని బయటపెట్టి, తన పద్ధతినే మార్చుకుంది. అప్పు ఒక్కటే చాలదు. పశువు చచ్చినా వాన రాకున్నా ఆదుకునే బీమా కావాలి, సాగులో సలహా కావాలి, రైతులకు సంఘం కావాలి అని తేల్చుకుంది. ఇన్నోవేషన్ మేనేజ్‌మెంట్‌లో ఇంతకంటే గొప్ప అధ్యాయం దొరకడం కష్టం.

ఆ మార్పులోంచే వాన బీమా వచ్చింది. 2003 వానకాలంలో ఐసీఐసీఐ లాంబార్డ్, బేసిక్స్ కలిసి, ప్రపంచ బ్యాంకు సాంకేతిక సహాయంతో, మహబూబ్‌నగర్ జిల్లాలో పల్లి, ఆముదం రైతులకు వర్షపాతం ఆధారంగా బీమా అమ్మాయి. దేశంలో ఈ తరహా బీమాకు అదే మొదలు. తొలి ఏడు కొన్నవాళ్లు 230 మంది రైతులు. మామూలు పంట బీమాలో పొలానికి వెళ్లి నష్టం అంచనా వేయాలి. అందుకు ఖర్చు, కాలం, కొన్నిచోట్ల పైరవీ కూడా. ఈ బీమాలో చూసేది ఆ ప్రాంతపు వర్షమాపకం చూపిన అంకెను మాత్రమే. తర్వాత స్థిరపడిన రూపంలో వానకాలాన్ని మూడు దశలుగా విడగొట్టారు. విత్తే దశలో, పూత పూసి ఊడలు దిగే దశలో నిర్ణీత కొలత కంటే వాన తగ్గితే డబ్బు వస్తుంది. కోత దశలో లెక్క తిరగబడుతుంది. అప్పుడు వాన మితిమీరితే డబ్బు వస్తుంది. నష్టం నిరూపించే పని రైతుకు ఉండదు కాబట్టి చెల్లింపు త్వరగా జరగాలి.

కాగితం మీద ఇంత చక్కగా ఉన్న సేవను కొన్నవాళ్లు మాత్రం తక్కువ. ఎందుకని తెలుసుకోవడానికి గీనే, టౌన్‌సెండ్, వికరీ అనే పరిశోధకులు మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో వెయ్యికి పైగా కుటుంబాలను ప్రశ్నించారు. ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. ముప్పంటే ఎక్కువ భయపడేవాళ్లే బీమా ఎక్కువగా కొనాలి. ఇక్కడ వాళ్లే తక్కువ కొన్నారు. వాళ్లకు బీమా కూడా ఒక కొత్త ముప్పుగానే కనబడింది. కొనకపోవడానికి చాలామంది చెప్పిన కారణం అర్థం కాలేదని. బేసిక్స్‌తో ముందే పరిచయం ఉన్నవాళ్లు ఎక్కువగా కొన్నారు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు షాన్ కోల్ కూడా పాల్గొన్న తర్వాతి ప్రయోగాల ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఊరికి తెలిసిన బేసిక్స్ ప్రతినిధి వెంట వచ్చి పరిచయం చేస్తే అమ్మకం పెరిగింది. ఆ వేళకు చేతిలో కాస్త నగదు పడితే అమ్మకం ఇంకా పెరిగింది. ప్రీమియం కట్టాల్సిన సమయమూ, విత్తనాలకూ ఎరువులకూ డబ్బు వెతుక్కునే సమయమూ ఒకటే కావడం పెద్ద చిక్కు. ఇంకో లోపం ఈ బీమా స్వభావంలోనే ఉంది. వర్షమాపకం ఉన్నచోట వాన పడి, రైతు చెలక ఎండిపోతే పైసా రాదు. ఈ తేడాను తగ్గించాలంటే వర్షమాపకాలు దగ్గర దగ్గరగా పెట్టాలి. కేంద్ర ప్రభుత్వం 2007లో వాతావరణ ఆధారిత పంట బీమా పథకాన్ని చేపట్టేనాటికి ఈ అనుభవాలు చేతిలో ఉన్నాయి. బేసిక్స్ కథలో చేదు మలుపు కూడా విద్యార్థులు చదవాలి. 2010 అక్టోబర్‌లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చాక వసూళ్లు స్తంభించాయి. బాధ్యతగా నడిచినవాళ్లూ, అప్పుల మీద అప్పులు అంటగట్టినవాళ్లూ ఒకే దెబ్బ తిన్నారు. ఒక రంగం మొత్తానికి చెడ్డపేరు వచ్చినప్పుడు ఒక్క సంస్థ మంచితనం దాన్ని కాపాడలేదు.

ఈ సమాచారమంతా ఇప్పుడు ఎక్కడ బోధించాలన్నది మిగిలిన విషయం. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. రెండుచోట్లా ఎంబీఏ ఉంది. హైదరాబాద్‌లో 2015లో స్టార్టప్‌ల కోసం టీ-హబ్, 2018లో మహిళల కోసం వీ-హబ్ వచ్చాయి. తెలంగాణ రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 2019 నుంచి ‘ఇంటింటా ఇన్నోవేటర్’ పేరుతో జిల్లాల్లోని ఆవిష్కర్తలను ప్రదర్శనకు పిలుస్తోంది. సంస్థలకు కొరత లేదు. చాలా కళాశాలల్లో ఈ పాఠ్యాంశం బిజినెస్ ప్లాన్ పోటీతో ముగిసిపోతుంది. విద్యార్థి ఊహించిన కంపెనీకి ఊహించిన లెక్కలు రాసి మార్కులు తెచ్చుకుంటాడు. దానికంటే ఇప్పటికే జరిగినదాన్ని వెనక్కి వెళ్లి పరిశీలించడం ఎక్కువ నేర్పుతుంది. ఐదేళ్ల కింద ఒక నేత ఇంటికి చేరిన యంత్రం ఇప్పుడు నడుస్తోందా? ఆగిపోతే ఏ భాగం దగ్గర ఆగింది? ఆ భాగం ఎక్కడ దొరుకుతుంది? అప్పు తీరిందా? మిగిలిన సమయంలో ఆ ఇంటి ఆడవాళ్లు ఏం చేస్తున్నారు? ఒక సెమిస్టర్‌లో పది ఇళ్లు తిరిగి ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకొస్తే అదే కేస్ స్టడీ.

పనిలో పనిగా కేస్ స్టడీలు తెలుగులోనూ రావాలి. ఔరేపల్లి పందేల గురించి, మహబూబ్‌నగర్ వాన బీమా గురించి రాసిన వ్యాసాలు ఇంగ్లీషు పత్రికల్లో ఉన్నాయి. ఆ సమాచారం ఇచ్చిన రైతుల పిల్లలు అవే జిల్లాల్లో ఎంబీఏ చదువుతున్నారు. వాళ్లు ఈ వ్యాసాలు చదివి, లోపాలు పట్టి, అదే ఊళ్లలో మళ్లీ అడగగలిగితే పరిశోధనకూ మేలు, వ్యాపారానికీ మేలు. గద్వాలలో పట్టు అంచును నూలు చీరకు కలిపే నేత, నారాయణపేట మగ్గాలు, మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ సీతాఫలం, పల్లి నూనె గానుగలు ఇలాంటి పరిశీలనకు సిద్ధంగా ఉన్న రంగాలు. ఒక్కోదానిలో సరుకు ఎవరి దగ్గర ఎన్ని రోజులు నిలిచింది, మధ్యలో ధర ఎక్కడ పెరిగింది, కొత్త పద్ధతి తెచ్చినవాళ్లకు నష్టం వస్తే భరించింది ఎవరు అన్న మూడు లెక్కలు తీస్తే, కొత్త వ్యాపారానికి చోటు ఎక్కడుందో విద్యార్థికి అంకెల్లోనే తెలుస్తుంది.